చచ్చినా కుట్టే నీటిముద్ద

ముందే చెబుతున్నాను, ఇందులో కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. ఈ మాట నేనంటే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరూ నమ్మరు. నమ్మకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. జింకల పార్కు కంచె దూకొచ్చిన జింక ఒకటి కరీంనగర్ రోడ్డు మీద బస్సెక్కిందనీ, కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడనీ చెప్పినవాడిని నేనే. చిల్లర ఇచ్చాడా అని ఒకాయన అడిగితే, టికెట్టు వెనకాల రాసిచ్చాడు, పాపం దిగేటప్పుడు అడగడం మరిచిపోయింది అన్నాను. శామీర్‌పేట చెరువులో పట్టిన చేప పొలుసును మా నాయిన పన్నెండేళ్లు నీళ్ల గోలెం మీద మూతగా వాడాడని చెప్పినవాడినీ నేనే. టీ హోటల్లో నన్ను చూడగానే బల్ల మీద చోటు చేసేవాళ్లు. నేను లేచి వెళ్లిపోతుంటే ఇంకొకటి చెప్పి పొమ్మనేవాళ్లు. నా కోతల వల్ల ఎవరికీ నష్టం లేదని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది చెబుతాను.

తొంభైల చివర మేం మేడ్చల్ వదిలి తూంకుంటలో కొత్తగా వేసిన లేఅవుట్లోకి వచ్చాం. మేమంటే నేనూ, మా చెల్లె. అమ్మానాయినలు అప్పటికే పోయారు. నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. పైపులు, వాల్వులు, పంపులు నా పని. చెల్లె ముందుగదిలో మిషను పెట్టుకుని కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. దాని చేతి కుట్టు ఎంత సన్నగా ఉండేదంటే, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కళ్లద్దాలు పెట్టుకుని వెతికేవాళ్లు. ఇది కూడా కోత కాదు.

కాలనీలో సగం ఇళ్లు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులవి. మా పక్కిల్లు ఒక సారుది. ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. తెల్లటి బనీను, మడత నలగని లుంగీ, నెమ్మదైన మాట. ఆయన మాట్లాడితే వాక్యం చివర చుక్క కనబడేది. మా దిక్కు మనుషులకు ఒక వింత నమ్మకం ఉండేది. సముద్రమంటే ఆంధ్ర, ఆంధ్ర అంటే సముద్రం. అటు నుంచి వచ్చినవాడు ఎవడైనా సరే, పుట్టగానే వాడికి అలల్లో స్నానం చేయించి ఉంటారని అనుకునేవాళ్లం. తుపాను వస్తుందంటే పేపరు చూసేవాళ్లం కాదు, సారును అడిగేవాళ్లం. ఆదివారం బజార్లో చేప తాజాదా కాదా అని, నీచు ముట్టని పూజారి గారిని కూడా పిలిచి చూపించారు మావాళ్లు, ఆయనది రాజమండ్రి వైపు కాబట్టి. సారు మాత్రం ఎవరేమడిగినా జవాబు చెప్పేవాడు. అలలెందుకు వస్తాయి, ఉప్పెలా తయారవుతుంది, సొరచేప మనిషిని చూస్తే ఏం చేస్తుంది, అన్నిటికీ. నేను అబద్ధం చెబితే అందరికీ తెలిసేది, నాకూ తెలిసేది. ఆయన చెప్పేది ఎవరూ అబద్ధమనుకోలేదు. ఆయన కూడా అనుకోలేదేమో.

ఒక ఎండాకాలం ఆయన అత్తగారి ఊళ్లో ఏదో శుభకార్యం వచ్చింది. కిరాయి జీపులో ఇద్దరికి చోటుందనీ, వస్తే సముద్రం చూపిస్తాననీ అన్నాడు. చెల్లె అప్పటికి హుస్సేన్‌సాగర్ కంటే పెద్ద నీళ్లు చూడలేదు. నేను కూడా చూడలేదు. చూశానని మాత్రం అయిదారు రకాలుగా చెప్పి ఉన్నాను.

బాపట్ల దిక్కు తీరానికి పొద్దున్నే చేరాం. చెల్లె చెప్పులు జీపులోనే వదిలేసి పరిగెత్తింది. మోకాళ్ల దాకా నీళ్లల్లో నిలబడి, వచ్చే ప్రతి అలకూ నవ్వింది. నేను కూడా కాసేపు నోరు మూసుకున్నాను. అంత పెద్దది కళ్ల ముందు ఉంటే ఇంక కల్పించడానికి ఏముంటుంది.

తిరిగి వస్తుంటే తడి ఇసుక మీద అది కనబడింది. పళ్లెమంత ముద్ద. గంజి గడ్డకట్టి, దాంట్లోంచి వెలుగు దూరినట్టు ఉంది. అంచున లేత గులాబి రంగు. కింద నుంచి సన్నటి తీగలు, మిషను కింద పడ్డ దారప్పోగుల్లా, ఇసుకలో చిక్కుపడి ఉన్నాయి. చెల్లె దాని పక్కన గొంతుక్కూర్చుంది.

“అన్నా, గీ కుచ్చులు జూడు. ఎవరు కుట్టిన్రో గని ఒక్క దారం బయటికి కనవడ్తలేదు,” అంది.

ముట్టుకోవచ్చా అని సారును అడిగింది. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. అది తొందరపడలేదు, అడిగింది. ఆయన నాలుగడుగుల దూరంలో, చెప్పులతో నిలబడి ఉన్నాడు.

“జెల్లీ చేపమ్మా అది. చచ్చిపోయింది. ఏం చెయ్యదు, పట్టుకుని చూడు,” అన్నాడు.

చెల్లె రెండు చేతులతో దాన్ని ఎత్తింది. కింద వేలాడుతున్న తీగలు గాలికి ఊగి కుడిచేతికి చుట్టుకున్నాయి, మణికట్టు నుంచి మోచేతి దాకా. చెల్లె అరవలేదు. ఇస్త్రీపెట్టె తగిలినప్పుడు లోపలికి పీల్చినట్టు గాలి పీల్చింది, అంతే. ముద్ద కిందపడింది. తీగలు చేతికే ఉండిపోయాయి. క్షణాల్లో వాటి కింద చర్మం ఎర్రటి గీతలుగా లేచింది.

ఇక్కడ నేను చేసింది చెప్పాలి. మా ఫ్యాక్టరీలో ప్రతి గోడ మీదా ఒకటే రాసి ఉంటుంది. ఒంటి మీద మందు పడితే ముందు నీళ్లు, తర్వాత మాటలు. యాసిడ్ పడ్డ ఇద్దరిని నేనే షవరు కింద నిలబెట్టి కాపాడాను. జీడిమెట్లలో పనిచేసిన ఎవడికైనా మంట అంటే నీళ్లే గుర్తొస్తాయి. జీపు దగ్గరికి ఉరికాను. తూంకుంట బోరు నీళ్లు రెండు క్యాన్లు తెచ్చుకున్నాం తాగడానికి. ఒకటి మూత విప్పి చెల్లె చేతి మీద కుమ్మరించాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను గట్టిగా పట్టుకుని మళ్లీ పోశాను. వద్దన్నా, వద్దన్నా అంటోంది. ఓపిక పట్టు, ఇంకొంచెం, అంటున్నాను. పోసిన కొద్దీ గీతలు ఎర్రగా, లావుగా లేస్తున్నాయి. విషం దిగుతోందనుకున్నాను. నీళ్లు చాలడం లేదనుకుని రెండో క్యాను కూడా విప్పాను.

సారు వంగి, ఇసుకతో రుద్దితే జిగురు వదిలిపోతుందన్నాడు. రుద్దాడు కూడా. గుప్పెడు తడి ఇసుక తీసుకుని, మంచి మనసుతో, శ్రద్ధగా రుద్దాడు.

చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలామె దూరం నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది. నా చేతిలో క్యాను లాగి అవతల పారేసింది. సారు చెయ్యి మీద ఒక్క దెబ్బ వేసింది.

“మంచినీళ్లు పోస్తారంట్రా దానిమీద? రుద్దుతారంట్రా? పిల్లని చంపుతారా ఏంది మీరిద్దరూ?”

సత్తు గిన్నెతో సముద్రపు నీళ్లు తెచ్చి పోసింది. పుల్ల తీసుకుని ఒక్కో పోగునూ మెల్లగా పైకెత్తి తీసింది, చర్మానికి ఎక్కడా రాపిడి లేకుండా. ఆ పని చేస్తూనే చెల్లె మొహంలోకి చూసి, ఊపిరి ఆడుతోందా అని అడిగింది. చెల్లె తల అడ్డంగా ఊపింది. పెదవులు తెల్లబడ్డాయి. ముసలామె ఇంకేం మాట్లాడకుండా జీపు వైపు చెయ్యి చూపించింది.

ఊళ్లో ఆసుపత్రి. డాక్టరు సూది వేశాడు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టాడు, ఊపిరి కుదుటపడ్డాక చెయ్యిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లల్లో పెట్టించాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నాడు. చచ్చిన జీవి ఎట్ల కుడ్తది సార్ అని నేను అడిగితే, విసుక్కోకుండా చెప్పాడు. దానికి మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు, రక్తం లేదు. దాని తీగల నిండా కంటికి కనబడనంత చిన్న గుళికలు, ఒక్కొక్క దాంట్లో చుట్టుకుని ఉన్న విషపు ముల్లు. ఏదైనా తగిలితే ముల్లు దానంతటదే ఎగురుతుంది. కుట్టమని ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి బతికుండక్కర్లేదు. తెగిపోయిన తీగ అయినా సరే, ఒడ్డున పడి గంటలు గడిచినా సరే, కుడుతుంది. మంచినీళ్లు తగిలితే, రుద్దితే, అప్పటిదాకా ఎగరని ముళ్లు కూడా ఎగురుతాయి. వెనిగరు పోస్తే కొన్ని రకాలకు ఆగుతాయి, కొన్నిటికి ఆగవు. అన్నీ చంపేవి కావన్నాడు. ఎక్కువ రకాలు మంట పెట్టి, దద్దుర్లు లేపి వదిలేస్తాయి. కొన్ని రకాలు మాత్రం పెద్దమనిషి గుండెను కూడా నిమిషాల్లో ఆపగలవు. కొందరికి చిన్న రకం కుట్టినా ఒళ్లు తట్టుకోక ఊపిరి ఆగుతుంది. ఏది ఏ రకమో ఒడ్డున నిలబడి మనం చెప్పలేం. చిన్నపిల్లలయితే ఒళ్లు చిన్నది, విషం అంతే, కాబట్టి ప్రమాదం ఎక్కువ.

అది కుట్టిన దానికంటే మేం చేసిన వైద్యం ఎక్కువ కుట్టిందన్నమాట. ఆ జీవికి మెదడు లేదు, దాన్ని ఏమనగలను. మా ఇద్దరికీ ఉంది కదా.

తిరుగు ప్రయాణంలో సారు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు, వెనక్కి తిరగలేదు. ఆయన భార్య మాత్రం దారి పొడుగునా చెల్లె తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆయన మెడ వెనక భాగం చూస్తూ తూంకుంట దాకా వచ్చాను.

వాపు వారంలో తగ్గింది. గీతలు తగ్గలేదు. మొదట ఎర్రగా, తర్వాత నల్లగా, కుడిచేతి చుట్టూ పది పన్నెండు వాతలు. కొన్ని వారాలకు మళ్లీ దురద, మళ్లీ బొబ్బలు. వేళ్లు మొద్దుబారి సూది పట్టు దొరకలేదు. హుక్కులు కుట్టబోతే సూది జారి ఒళ్లో పడేది. పడినప్పుడల్లా చెల్లె నావైపు చూసేది కాదు. చూస్తే నేను క్యాను గురించి మాట్లాడతానని దానికి తెలుసు.

కాలనీలో అందరూ అడిగారు. నేను చెప్పాను. ఎప్పుడూ చెప్పినట్టు చేతులూపుతూ చెప్పలేదు, మామూలుగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అదే తప్పయింది. టీ హోటల్లో వాళ్లు కథ ఎప్పుడు రుచికొస్తుందా అని ఎదురుచూశారు. రక్తం లేదు, గుండె లేదు, చచ్చాక కూడా కుడుతుంది అనేసరికి ఒకడు తొడ చరుచుకుని నవ్వాడు. జింకకంటే ఇది బాగుందన్నాడు. నేను సారును చూపించి, ఆయన అక్కడే ఉన్నాడు, అడగండి, అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఆ అమ్మాయికి ఒంటికి ఏదో పడలేదండీ, పాపం, అని ఊరుకున్నాడు. అబద్ధం ఒక్కటి కూడా లేదు ఆ మాటలో. నిజం కూడా లేదు.

కొన్నాళ్లకు అదే హోటల్లో ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచాడు. ఈసారి నవ్వడం లేదు.

“ఆడివిల్ల మీద బెల్టు తీస్తవా బై? తీస్తే తీసినవ్, మళ్ల దానికి చేప కథ ఒకటి అల్లాలెనా?”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చొక్కా పట్టుకున్నాను. పట్టుకోవడం వల్ల మిగిలినవాళ్లకు అనుమానం తీరిపోయింది. వీడు చెయ్యి చేసుకునే రకమే అని. ఇంటికెళ్లి చెల్లెకు చెప్పకూడదనుకున్నాను. దానికి అప్పటికే తెలుసు. జాకెట్టు కొలత ఇవ్వడానికొచ్చిన ఒక అక్క తలుపు దగ్గరగా వేసి, ఇంట్లో ఏమైనా కష్టముంటే చెప్పు, మా చర్చిలో అయ్యగారితో మాట్లాడతాను అందట. జెల్లీ చేప కుట్టిందక్కా అని ఇది చెబితే, మీ అన్న నేర్పినట్టే చెబుతున్నావు అందట. ఆ అక్క మంచిదే. దాని మంచికోసమే అడిగింది. అందుకే ఇంకా మండింది నాకు. చెడ్డవాళ్లయితే తిట్టి పోవచ్చు.

నా ఇన్నేళ్ల కోతలన్నీ కట్టగట్టుకొచ్చి చెల్లె చెయ్యి మీద పడ్డాయి. సారు నోరు తెరిస్తే ఒక్క నిమిషంలో తీరేది. తెరవలేదు. పొద్దున్నే బంతిమొక్కలకు నీళ్లు పోసేవాడు, నన్ను చూసి తల ఊపేవాడు.

చెల్లె ఆ ఎండాకాలం నుంచి మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు కుట్టుకుంది తనకోసం.

మరుసటి ఏడు వేసవి సెలవులకు ముందు కాలనీవాళ్లు కలిసి బస్సు మాట్లాడుకున్నారు. అదే తీరం. ముప్పై మంది పిల్లలు. వాళ్లలో సగం మంది సముద్రాన్ని పాఠంలో తప్ప చూసినవాళ్లు కాదు. కాలనీకి హాలు లేదు కాబట్టి ఏ మాటయినా చర్చి వెనక రేకుల షెడ్డులోనే. ముందు నిలబడి నడిపించేది ఎవరు, సముద్రం తెలిసిన మనిషే కదా. సారు లేచి ఏ రోజు బయల్దేరాలో, ఎన్ని జతల బట్టలు తేవాలో చెప్పాడు. పిల్లలు గవ్వలు ఏరుకోవచ్చు, ఇసుకలో ఆడుకోవచ్చు అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

నేను లేచాను. డాక్టరు చెప్పినవన్నీ వరసగా చెప్పాను. ఒడ్డున ఏది కనబడినా ముట్టనివ్వొద్దు అన్నాను. కుడితే మంచినీళ్లు పొయ్యొద్దు, రుద్దొద్దు అన్నాను. గొంతు వణికింది. ఆ వణుకు కూడా నటనే అనుకున్నారు. వెనక నుంచి ఒకడు, అది టికెట్టు తీసుకుంటదా అన్నా, అని అడిగాడు. షెడ్డంతా నవ్వింది. చర్చి అయ్యగారు కూడా రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నేను సారును చూశాను. ఆయన నవ్వలేదు. నేల చూశాడు. నవ్వి ఉంటే అక్కడే కొట్టేవాడిని.

మర్నాడు పొద్దున ఆయన్ని గేటు దగ్గర పట్టుకున్నాను. మొక్కలకు నీళ్లు పోసే గొట్టం ఆయన చేతిలోనే ఉంది. నిన్న ఎందుకు చెప్పలేదు అన్నాను. భయపెట్టడం ఎందుకయ్యా అన్నాడు. ముప్పై మంది పిల్లలు, ఒక్కడు పట్టుకుంటే చాలు, ఆ మాత్రం తెలవదా నీకు అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. నువ్వు చెబితేనే నా చెల్లె పట్టుకుంది, సముద్రంల పుట్టినోని తీరుగ చెప్పినవు కదా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. పక్క వీధి కుక్కలు కూడా లేచి వెళ్లిపోయాయి.

ఆయన గొట్టం కింద పడేశాడు. నీళ్లు మా ఇద్దరి కాళ్ల కిందుగా పారుతున్నాయి.

“మా ఊరికి సముద్రం అరవై కిలోమీటర్లయ్యా. నేను చూసింది అంతా కలిపి మూడుసార్లు. అందులో ఒకటి మీతోనే,” అన్నాడు.

మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పావన్నాను. మీరు అడిగారు కాబట్టి అన్నాడు. మొదట్లో ఒకటి రెండు సార్లు తెలియదన్నాడట. మావాళ్లు వినయం అనుకున్నారట. ఇప్పుడు లేచి, నా వల్లే ఆ పిల్లకు అలా అయింది, నాకేమీ తెలియదు అంటే ఈ కాలనీలో తలెత్తుకుని తిరగగలనా అన్నాడు. ఆయన గొంతులో నిజంగా భయం ఉంది. ఆ భయం చూస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు. మా చెల్లె ఏడాదిగా ఎట్లా తిరుగుతోందో ఆయన రోజూ చూస్తున్నాడు.

గోడ అవతల నుంచి చెల్లె అంతా విన్నది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మా మధ్య నిలబడింది. నన్ను చూడనే లేదు.

“సారూ, తప్పు ఒప్పుకోమంటలేను. మీకు మొదటి సంది తెలిసినట్టే చెప్పున్రి. మీరు చెప్తె అందరు ఇంటరు,” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత జరిగాక ఆయనకే పెద్దరికం కట్టబెడతావా అన్నాను. అప్పుడు తిరిగింది నావైపు.

“నువ్వు సప్పుడు జెయ్యకు అన్నా. నువ్వు నడుమల మాట్లాడినవనుకో, గది గూడ అబద్ధమయితది.”

నేను గేటు వదిలి లోపలికి వెళ్లిపోయాను.

మూడు సాయంత్రాలు ఆయన మా మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నాడు. ఆఫీసు కాగితాల వెనక రాసుకున్నాడు. చెల్లె చెబుతుంటే, తెగిన తీగ కూడానా అమ్మా, వెనిగరు కొన్నిటికి పనిచేసి కొన్నిటికి చెయ్యదా అమ్మా, అని బడిపిల్లాడిలా అడిగాడు. ఒకసారి పెన్ను పక్కన పెట్టి, ఇంకా నొప్పి ఉందా అని అడిగాడు. చలికాలం గుంజుతది అంది. ఆయన పెన్ను తీసుకుని మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను లోపల గదిలో ఫ్యాను రెగ్యులేటరు విప్పుతూ, బిగిస్తూ, మళ్లీ విప్పుతూ కూర్చున్నాను.

మళ్లీ అదే షెడ్డు. సారు లేచి, సముద్రం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి అన్నాడు. అంతా సర్దుకుని కూర్చున్నారు. నేను చెప్పిన మాటలే, ఆ వరసలోనే, వాక్యం చివర చుక్కలతో చెప్పాడు. మెదడు లేదన్నాడు, ఒక్కడు నవ్వలేదు. చచ్చినా కుడుతుందన్నాడు, ఒకావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. తెగిన తీగ కూడా కుడుతుందన్నాడు, చర్చి అయ్యగారు చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఊపిరి ఇబ్బంది అయితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికే అన్నాడు. జింక టికెట్టు అడిగినవాడు చెయ్యెత్తి, సార్, కుడితే ముందుగా ఏం చెయ్యాలి సార్, అని వినయంగా అడిగాడు.

“కుట్టినచోట కొరడాతో కొట్టినట్టు వాతలు తేలతాయి. నెలలు గడిచినా పోవు,” అన్నాడు సారు చివర్లో.

ఒక్కొక్క తల మా వైపు తిరిగింది. చెల్లె ఎవరిదో జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, పట్టు చాలని వేళ్లతోనే మెల్లగా హుక్కు కుడుతోంది. తల ఎత్తలేదు. దారం కొరకడానికి చెయ్యి పైకెత్తినప్పుడు తన జాకెట్టు చెయ్యి మోచేతి దాకా జారింది. సరిచేసుకోలేదు. ఆ రోజు తలుపు వేసి అడిగిన అక్క మెల్లగా లేచి వచ్చి దాని పక్కన కూర్చుంది. బెల్టు మాట అన్న పెద్దమనిషి వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, నువ్వు కూడా గిట్లనే చెప్పినవ్ కదా బై, జర మంచిగ చెప్తె మేం నమ్మకపోదుమా, అన్నాడు. క్షమించమనలేదు. నాకు చెప్పడం రాలేదని చెప్పాడు.

బస్సులో నేను వెనక సీట్లో కూర్చున్నాను, ఎవరితోనూ మాట్లాడలేదు. కథ చెప్పమని పిల్లలు అడిగితే తలనొప్పి అన్నాను. నిజానికి నేను రానన్నాను. చెల్లె వెళుతున్నానంది, దాన్ని ఒంటరిగా ఎట్లా పంపను. వెనిగరు సీసాలు, గిన్నెలు, వేడినీళ్ల ఫ్లాస్కులు అన్నీ చెల్లెనే ఒక సంచిలో సర్దింది.

ఒడ్డున రెండు గంటలు గడిచాయి. అప్పుడు ఒక చిన్నపిల్ల అరిచింది, ఇక్కడుంది అని. నేను ఉరికాను. నాకంటే ముందే చెల్లె అక్కడుంది. తడి ఇసుక మీద పళ్లెమంత ముద్ద, గులాబి అంచు. పిల్ల దానికి గజం దూరంలో, చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడి ఉంది. ముట్టలేదు. చెల్లె పుల్ల తీసుకుని దాని చుట్టూ, తీగలు ఎంత దూరం పరుచుకున్నాయో చూసుకుంటూ, పెద్ద గీత గీసింది. పిల్లలంతా ఆ గీత అవతల చేరారు.

సారు వచ్చాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఒగరుస్తూ, ఎవరూ గీత దాటకండి, చచ్చినా కుడుతుంది, అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాటి మధ్యనే పెరిగినట్టు చెప్పాడు. ఒక పిల్లాడు తల పైకెత్తి, సార్, మిమ్మల్ని ఎప్పుడైనా కుట్టిందా, అని అడిగాడు.

ఆయన చెల్లెను చూశాడు. చెల్లె ఇసుక చూస్తోంది. నేను ఆయన నోటిని చూస్తున్నాను. ఇప్పుడు చెప్పు, పెద్దవాళ్లు కూడా లేరిక్కడ, పిల్లల ముందు చెప్పు, అని లోపల అరుస్తున్నాను.

“నన్ను కాదు,” అన్నాడు. చెప్పులు రెండో చేతికి మార్చుకుని, “నాకు బాగా తెలిసినవాళ్లను,” అన్నాడు.

అంతే. అక్కడితో ఆపాడు. తెలిసినవాళ్లు ఎవరో, ఎవరు పట్టుకోమంటే పట్టుకుందో, ఎవరు ఇసుకతో రుద్దారో, ఎవరు క్యాను పట్టుకుని ఓపిక పట్టు అన్నారో, అన్నీ నా నాలుక చివర ఉన్నాయి. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వుతారు. నవ్వితే ఒకడు గీత దాటుతాడు.

అడిగిన పిల్లాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వాణ్ని చూసి మిగిలినవాళ్లూ వేశారు. నేను కూడా వేశాను, నోరు మూసుకుని.